29 కిలోమీటర్ల ఎత్తులో మా బెలూన్: ఎత్తు లెక్క కలిసింది, మిగతావన్నీ తప్పాయి

ఫిబ్రవరిలో ఒక శనివారం ఉదయం 7:10కి మహబూబ్‌నగర్ పక్కన ఒక గ్రౌండ్ నుంచి బెలూన్ వదిలాం. అది 28.7 కిలోమీటర్ల ఎత్తులో పగులుతుందని ముందురోజు బోర్డు మీద రాసిపెట్టాం. పగిలింది 29.2 దగ్గర. లాప్‌టాప్ ముందున్న పిల్లలు చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. అరకిలోమీటరు తేడా అంటే రెండు శాతం కూడా కాదు. ఇంటర్‌లో చదివిన వాయు నియమాలతో ఇంత దగ్గరికి రావడం చిన్న విషయం కాదనుకున్నాం.

కానీ 8:44కి పగలాల్సింది 9:27 దాకా పగల్లేదు. దేవరకొండ చుట్టుపక్కల దిగాల్సిన, బెలూన్‌కు వేలాడే పరికరాల పెట్టె ఇంకో నలభై కిలోమీటర్లు తూర్పుకు పోయి, హాలియా దగ్గర నాట్లేసిన మడిలో పడింది. మధ్యలో మ్యాప్ మీద చుక్క నాగార్జునసాగర్ జలాశయం వైపు జరుగుతుంటే అందరికీ ఒకటే టెన్షన్. జవాబు సరిగ్గా వచ్చి దారి తప్పిందంటే, ఎక్కడో రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయన్నమాట. పరీక్ష పేపరు దిద్దేవాళ్లకు ఈ అనుమానం వెంటనే వస్తుంది. నాకు ఆదివారం సాయంత్రానికి గానీ రాలేదు.

మా దగ్గరున్న సరుకు

నేను ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. బెలూన్ 600 గ్రాముల లాటెక్స్‌ది, వాతావరణ పరిశోధనకు వాడే రకం. దాదాపు 6 మీటర్ల వ్యాసానికి సాగాక పగులుతుందని దానితో వచ్చిన కాగితంలో ఉంది. కింద వేలాడేవి పారాచూట్, తాడు, థర్మోకోల్ పెట్టె. పెట్టెలో జీపీఎస్, ఎంఎస్5611 పీడన సెన్సర్, థర్మామీటర్, పైకి చూసే కెమెరా ఒకటి. వీటన్నిటి బరువు 850 గ్రాములు. మార్కెట్లో చవగ్గా దొరికే బీఎంపీ280 సెన్సర్ 300 హెక్టోపాస్కల్‌ల (గాలి పీడనానికి కొలమానం) దాకానే కొలుస్తుంది, అంటే తొమ్మిది కిలోమీటర్లు దాటగానే దాని పని అయిపోతుంది. ఎంఎస్5611 అయితే 10 హెక్టోపాస్కల్‌ల దాకా వస్తుంది. ఇంకో సంగతి. కొన్ని జీపీఎస్ మాడ్యూళ్లను ‘విమాన’ మోడ్‌లోకి (బాగా ఎత్తున ఎగిరేవాటి కోసం ఉండే సెట్టింగ్, ఫోన్‌లోని ఫ్లైట్ మోడ్ కాదు) మార్చకపోతే 18 కిలోమీటర్ల దగ్గర మూగబోతాయి. ఇది తెలియక మొదటి ప్రయోగంలోనే పెట్టెను పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

విమానాశ్రయ అధికారుల అనుమతులు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కు ముందస్తు సమాచారం వంటివి ఇక్కడ రాయడం లేదు. అవి లేకుండా బెలూన్ ముట్టుకోకండి, అంతే.

గ్యాస్ హీలియం. హైడ్రోజన్ చవక, తేల్చే బలం కూడా కాస్త ఎక్కువే. కానీ చుట్టూ ఇరవైమంది పిల్లలున్నప్పుడు నిప్పంటుకునే గ్యాస్ వద్దనుకున్నాం.

ముందురోజు లెక్క

బెలూన్, సామాను కలిపి 1450 గ్రాములు. సెకనుకు 5 మీటర్ల వేగంతో లేవాలంటే ఇంకో 750 గ్రాముల అదనపు బలం కావాలి. మొత్తం 2.2 కిలోలు. గ్రౌండ్ దగ్గర పీడనం 955 హెక్టోపాస్కల్‌లు, పొద్దున ఉష్ణోగ్రత 20 డిగ్రీలు, అంటే 293 కెల్విన్. ఆ స్థితిలో ఘనమీటరు గాలి బరువు 1.135 కిలోలు, హీలియం బరువు 0.157 కిలోలు. తేడా 0.978. కాబట్టి కావలసిన హీలియం 2.25 ఘనమీటర్లు, బెలూన్ వ్యాసం 1.63 మీటర్లు.

6 మీటర్ల గోళం ఘనపరిమాణం 113 ఘనమీటర్లు. బెలూన్ 50 రెట్లు ఉబ్బాక పగులుతుందన్నమాట. ఇక్కడ చాలామంది బాయిల్ నియమంతో ఆగిపోతారు: ఘనపరిమాణం 50 రెట్లయితే పీడనం యాభయ్యో వంతు, 19 హెక్టోపాస్కల్‌లు, ఎత్తు 27 కిలోమీటర్లు. కానీ బాయిల్ మాట ఉష్ణోగ్రత మారనప్పుడే చెల్లుతుంది. ఆ ఎత్తులో మైనస్ 50 డిగ్రీలు, అంటే 223 కెల్విన్. చల్లబడ్డ గ్యాస్ ముడుచుకుంటుంది, బెలూన్ ఇంకా పైకి వెళ్లాకే అదే సైజుకు వస్తుంది. పీడనాన్ని ఘనపరిమాణంతో గుణించి ఉష్ణోగ్రతతో భాగిస్తే కింద ఎంత వస్తుందో పైన కూడా అంతే రావాలి. అలా చేస్తే 14.5 హెక్టోపాస్కల్‌లు, 28.7 కిలోమీటర్లు. ఉష్ణోగ్రతను కలిపినందుకు ఎత్తు దాదాపు 1.7 కిలోమీటర్లు మారింది.

పైనున్న ఉష్ణోగ్రతలు మా ఊహ కాదు. హైదరాబాద్‌లో వాతావరణ శాఖ రేడియోసాండ్ (పైగాలి పీడనం, ఉష్ణోగ్రత కొలిచి రేడియోలో పంపే పరికరం) బెలూన్లు ఎగరేస్తుంది. ప్రపంచమంతా ఒకే వేళకు వదిలే ఆ బెలూన్లకు మన గడియారంలో నిర్ణీత సమయాలు పొద్దున, సాయంత్రం 5:30. ఆ కొలతలు అమెరికాలోని వ్యోమింగ్ విశ్వవిద్యాలయం సైట్‌లో స్టేషన్ నంబరు 43128 కింద ఎవరైనా చూడొచ్చు. పాఠ్యపుస్తకాల్లో ఉండే ‘ప్రామాణిక వాతావరణం’ పట్టిక మన అక్షాంశాలకు సరిపోదు. అందులో 11 కిలోమీటర్లు దాటితే ఉష్ణోగ్రత మైనస్ 56 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మనకు పదహారు, పదిహేడు కిలోమీటర్ల దాకా చలి పెరుగుతూనే పోయి మైనస్ 80కి చేరుతుంది.

లెక్క చేస్తున్నప్పుడు రెండో సంవత్సరం కుర్రాడొకడు అడిగాడు. “సార్, బెలూన్ పెద్దదయ్యేకొద్దీ తేల్చే బలం కూడా పెరగాలి గదా? మరి వేగం ఎందుకు పెరగదు?” మంచి ప్రశ్న. బెలూన్ ఉబ్బుతుంది నిజమే, కానీ బయట గాలి అంతే పలచబడుతుంది. లోపలి పీడనం, ఉష్ణోగ్రత బయటివాటితో సమానంగా ఉన్నంతసేపు బెలూన్ పక్కకు నెట్టే గాలి అణువుల సంఖ్య, లోపలున్న హీలియం అణువుల సంఖ్య ఎప్పుడూ ఒకటే. అవగాడ్రో చెప్పింది ఇదే. కింద 2.2 కిలోలు మోసింది పైన కూడా 2.2 కిలోలే మోస్తుంది.

తెల్లవారుజామున జరిగింది

పద్ధతి ప్రకారం బెలూన్ మూతికి బరువు కట్టి, అది తేలేదాకా గ్యాస్ నింపాలి. మేమూ స్ప్రింగ్ త్రాసు తీసుకెళ్లాం. ఆరు గంటలకు చిరుగాలి మొదలైంది. బెలూన్ అటూ ఇటూ ఊగుతుంటే త్రాసు ముల్లు ఒకసారి కిలో, ఒకసారి రెండు కిలోలు చూపిస్తోంది. అప్పుడు నేనే అన్నాను: “త్రాసు వదిలేయండి, సిలిండర్ గేజీ చూసి నింపుదాం.” ఈ కేసులో తప్పంతా ఈ వాక్యంలోనే ఉంది.

సిలిండర్ 47 లీటర్లది, గేజీ 140 బార్ (ఒక బార్ అంటే వెయ్యి హెక్టోపాస్కల్‌లు) చూపిస్తోంది. 2.25 ఘనమీటర్లు బయటికి రావాలంటే గేజీ 46 బార్ దిగాలి. 94 దగ్గర వాల్వ్ కట్టేశాం. చేతులకు నూలు గ్లౌజులు, మూతికి జిప్ టైలు, పైన టేపు. వదిలాం. లేవడం కాస్త బద్ధకంగా అనిపించింది, కానీ లేస్తోంది కదా అనుకున్నాం.

గంట తర్వాత సిలిండర్‌ను బండిలోకి ఎక్కిస్తూ ల్యాబ్ అసిస్టెంట్ అన్నాడు: “సార్, ఇందులో 99 ఉంది. మీరు నోట్‌బుక్‌లో 94 రాసినారు.” గేజీ ఇరుక్కుని ఉంటుందిలే అని వేలితో తట్టి ఊరుకున్నాను. అదృష్టం కొద్దీ అతను నా మాట వినకుండా 94 పక్కన 99 కూడా రాసిపెట్టాడు.

పెట్టె దొరికాక

పదిన్నరకు ఫోన్ వచ్చింది. “సారూ, మా పొలంల ఒక పెట్టె పడ్డది. దాని మీద మీ నంబరుంది. బాంబు ఏం కాదు గదా?” కాదని చెప్పాక, మేం వెళ్లేలోపు ఆయన దాన్ని గట్టు మీద ఆరబెట్టి, పారాచూట్ మడతపెట్టి ఉంచాడు. 1783 ఆగస్టు 27న పారిస్‌లో జాక్ చార్లెస్ వదిలిన మొదటి హైడ్రోజన్ బెలూన్ గోనెస్ అనే పల్లెలో పడితే, అక్కడి జనం భయపడి గడ్డి ఎత్తే పంగల కర్రలతో పొడిచి చీల్చేశారు. వేడెక్కితే గ్యాస్ ఉబ్బుతుందనే చార్లెస్ నియమం ఈయన పేరు మీదిదే. ఆయన బెలూన్ కూడా పైకి పోయేకొద్దీ లోపలి గ్యాస్ ఉబ్బి చిరిగిందనే అంటారు. మా హాలియా రైతు చాలా నయం.

కెమెరా బాగానే ఉంది. పెట్టెకు, బెలూన్ మూతికి మధ్య తాడు 8 మీటర్లు. ఫొటోలో బెలూన్ ఎన్ని పిక్సెళ్లు ఉందో లెక్కపెడితే వ్యాసం తెలియాలి. లెన్స్ అంచుల్లో ఎంత వంపు చూపిస్తుందో ముందే క్లాసు గోడ మీద గీతలు గీసి సరిచూసి పెట్టుకున్నాం. ఆ పని తీసుకున్న అమ్మాయి పగలడానికి ముందరి ఫొటో కొలిచి, వ్యాసం 4.3 మీటర్లే వచ్చిందంది. రావాల్సిన ఘనపరిమాణంలో నలభై శాతమే. గ్యాస్ కారిపోయిందేమోనని సాయంత్రమంతా తలలు పట్టుకున్నాం. కారిపోతే పైకి ఎలా పోయినట్టు?

తప్పు ఫొటోలో లేదు, మా బొమ్మలో ఉంది. బెలూన్ కేంద్రం కెమెరాకు 8 మీటర్ల దూరంలో ఉందనుకుని లెక్కవేశాం. 8 మీటర్లు మూతి దాకానే. బెలూన్ ఉబ్బేకొద్దీ కేంద్రం దూరం జరుగుతుంది. ఎప్పుడైనా అది 8 మీటర్లు, దానికి తోడు బెలూన్ వ్యాసార్ధం. అలా సరిచేస్తే చివరి ఫొటోలో వ్యాసం 5.8 మీటర్లు వచ్చింది.

సిలిండర్ దగ్గరికి తిరిగొస్తే

లేచిన వేగం సెకనుకు 3.5 మీటర్లు. ఆ వేగానికి గ్యాస్ 1.8 ఘనమీటర్లే ఉండి ఉండాలి. మేం పంపామనుకున్నది 2.25. మిగతా 0.45 ఎటు పోయింది?

మొదటి జవాబు ల్యాబ్ అసిస్టెంట్ రాసిన 99. సైకిల్ ట్యూబులో గాలి తీసేటప్పుడు వేలికి చల్లగా తగులుతుంది చూడండి, సిలిండర్ లోపల కూడా అదే. గ్యాస్ వ్యాకోచిస్తూ బయటికి పోతుంటే లోపల మిగిలినది చల్లబడుతుంది. చల్లబడ్డ గ్యాస్ పీడనం తక్కువ చూపిస్తుంది. వాల్వ్ కట్టేసినప్పుడు 94 చూపించిన గేజీ, గ్యాస్ మళ్లీ 20 డిగ్రీలకు వచ్చాక 99కి ఎక్కింది. లెక్కవేస్తే వాల్వ్ కట్టేసిన క్షణంలో లోపలి గ్యాస్ 5 డిగ్రీల దగ్గర ఉండి ఉండాలి. ఆ పొద్దున సిలిండర్ మెడ మీద నీటి బిందువులు చూశాం కూడా. ఫిబ్రవరి మంచులే అనుకున్నాం. కాబట్టి దిగింది 46 బార్ కాదు, 41. అంటే 2.02 ఘనమీటర్లు.

ఇంకా 0.2 తేలాలి. దీనికి నాకు రెండు రోజులు పట్టింది, ఫిజిక్స్ చెప్పేవాడికి రెండు నిమిషాలు కూడా పట్టకూడదు. ఆదర్శ వాయు సమీకరణం, అంటే ముందురోజు మేం వాడిన పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రతల లెక్క, పలచటి గ్యాస్‌కు నప్పుతుంది. 140 బార్ దగ్గర హీలియం పలచన కాదు. అణువులు తమకంటూ కొంత చోటు ఆక్రమిస్తాయి కాబట్టి, గది ఉష్ణోగ్రతలో 140 బార్ దగ్గర హీలియం ఆదర్శ వాయువు కంటే దాదాపు 7 శాతం ఎక్కువ పీడనం చూపిస్తుంది. 99 బార్ దగ్గర దాదాపు 5 శాతం. ఆ అదనాన్ని తీసేస్తే 140 అనేది 131కి సమానం, 99 అనేది 94.5కి. తేడా 36.5 బార్. దాన్ని 47 లీటర్లతో గుణించి, గ్రౌండ్ దగ్గరి పీడనం 0.955 బార్‌తో భాగిస్తే 1.8 ఘనమీటర్లు.

లెక్క ముడి విడిపోయింది. పైన 13 హెక్టోపాస్కల్‌ల దగ్గర చక్కగా పనిచేసిన సమీకరణం మా కాళ్ల దగ్గరున్న సిలిండర్‌లోనే తప్పింది. నేనేమో తప్పంతా ఆకాశంలో వెతుకుతూ కూర్చున్నాను.

ఇంకో మాట. 2.25కి, 1.8కి వ్యాసంలో తేడా 12 సెంటీమీటర్లే, కంటికి ఆనదు. కానీ నడుం చుట్టూ టైలరింగ్ టేపు చుట్టి ఉంటే 5.11 మీటర్ల చోట 4.74 వచ్చేది. ముప్పై ఏడు సెంటీమీటర్లు ఎవరికైనా కనిపిస్తాయి.

మరి ఎత్తు ఎలా కలిసింది?

1.8 ఘనమీటర్లతో బయలుదేరిన బెలూన్ 6 మీటర్లకు సాగాలంటే 63 రెట్లు ఉబ్బాలి. దాని ప్రకారం 30.2 కిలోమీటర్ల దాకా పోవాలి. 29.2 దగ్గరే పగిలింది, ఒక కిలోమీటరు ముందే. రబ్బరు 6కి బదులు 5.8 దగ్గర తెగడం కొంత కారణం. లాటెక్స్‌లో ఆ మాత్రం తేడా మామూలే. మిగతాది ఫొటోల్లో కనిపించింది.

పీడన సెన్సర్ చెప్పిన ప్రతి ఎత్తులోనూ బెలూన్ ఎంత ఉండాలో మళ్లీ లెక్కగట్టాం. 500 హెక్టోపాస్కల్‌ల దగ్గర 1.82 మీటర్లు ఉండాలి, ఫొటోలో 1.8. 200 దగ్గర 2.31 ఉండాలి, 2.3 ఉంది. ఇక్కడిదాకా అతికినట్టు సరిపోయింది. 16.6 కిలోమీటర్ల ఎత్తున 100 హెక్టోపాస్కల్‌ల దగ్గర బయట మైనస్ 80 డిగ్రీలు; బాయిల్ ఒక్కడినే నమ్మితే 3.2 మీటర్లు రావాలి, ఉష్ణోగ్రత కలిపితే 2.79. ఫొటోలో 2.85. బాయిల్ కంటే ఎంతో నయం, కానీ ఆరు సెంటీమీటర్లు పెద్దది. 50 దగ్గర 3.61 బదులు 3.68. అక్కడి నుంచి పైకి ప్రతిచోటా బెలూన్ లెక్క కంటే కాస్త లావుగానే ఉంది.

అప్పటికి టైము ఎనిమిదిన్నర, మంచి ఎండ. మేం సమీకరణంలో వేసింది బయటి గాలి ఉష్ణోగ్రత. లోపలి హీలియం ఎండకు కాగుతోంది, చుట్టూ ఉన్న గాలేమో దాన్ని చల్లార్చలేనంత పలచన. చివరి ఫొటోలో 5.8 మీటర్లు, 13.5 హెక్టోపాస్కల్‌లు. ఈ రెండూ వేసి ఉష్ణోగ్రత కోసం వెనక్కి లెక్కగడితే 235 కెల్విన్ వచ్చింది. బయట థర్మామీటర్ 225 చూపిస్తోంది. పది డిగ్రీల తేడా.

ఈ పదిని పట్టుకుని ఊగిపోకూడదు. వ్యాసంలో ఒక శాతం తప్పు జరిగితే ఘనపరిమాణంలో మూడు శాతం, ఉష్ణోగ్రతలో ఏడు డిగ్రీలు మారుతుంది. పైగా సాగిన రబ్బరు లోపలి గ్యాస్‌ను కొంచెం నొక్కుతుంది. ఆ నొక్కుడు కలుపుకుంటే గ్యాస్ ఇంకా వెచ్చగా ఉండాలి. కాబట్టి “పదో, ఇంకాస్త ఎక్కువో” అని మాత్రమే నోట్‌బుక్‌లో రాశాం. మూడు చోట్లా తేడా ఒకే వైపుకు రావడం వల్లే దాన్ని నమ్మాను.

అలా గ్యాస్ తక్కువ నింపడం ఎత్తును ఒకటిన్నర కిలోమీటర్లు పెంచింది, ఎండ, రబ్బరు కలిసి ఒక కిలోమీటరు తగ్గించాయి. మిగిలిన అరకిలోమీటరుకే మేం చప్పట్లు కొట్టింది. వేగానికి మాత్రం అలా కొట్టేసే తోడు దొరకలేదు. బెలూన్ నెమ్మదిగా లేస్తూ, ఫిబ్రవరిలో పన్నెండు కిలోమీటర్ల ఎత్తున వీచే పడమటి గాలిలో ఎక్కువసేపు ఉండిపోయింది. ఆ గాలే దాన్ని హాలియాకు మోసుకుపోయింది.

పగలని బెలూన్ల సంగతి

ఈ లెక్క పిల్లలకు చెప్పేటప్పుడు హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) బెలూన్ కేంద్రం ఉదాహరణ తప్పక తెస్తాను. అక్కడివి రబ్బరు కాదు, పలచటి పాలిథీన్. సాగవు. కింద తెరిచి ఉంటాయి కాబట్టి నిండాక మిగిలిన గ్యాస్ బయటికి పోతుంది, బెలూన్ ఆ ఎత్తులోనే తేలుతుంది. 2005 ఏప్రిల్ 20న అక్కడి నుంచి లేచిన బెలూన్ 2.67 కోట్ల ఘనపుటడుగులది, అంటే సుమారు 7.56 లక్షల ఘనమీటర్లు. 459 కిలోల పరికరాలు మోస్తూ 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలి నమూనాలు తెచ్చింది. వాటిలో దొరికిన మూడు కొత్త బ్యాక్టీరియాల గురించి 2009లో ఇస్రో ప్రకటించింది. మా సమీకరణమే వేసి చూస్తే, 41 కిలోమీటర్ల దగ్గర నిండుగా ఉండే ఆ సంచిలో నేల మీద ఉండాల్సిన గ్యాస్ దాదాపు 2,300 ఘనమీటర్లు. మూడు వందల వంతుల్లో ఒక వంతు కూడా లేదు. నేల మీద అది తలకాయలో మాత్రం గ్యాస్ ఉన్న పొడుగాటి ఖాళీ సంచిలా వేలాడేది అందుకే.

రెండోసారి

మూడు వారాల తర్వాత అవే బరువులతో మళ్లీ వదిలాం. ఈసారి తెలిసినవాళ్ల ఫంక్షన్ హాలు అడిగి, లోపల గాలి తగలకుండా నింపాం. సరిగ్గా 1600 గ్రాములు తూగేలా నీళ్లు పోసిన సీసాను మూతికి వేలాడదీశాం. 850 సామానుకు, 750 పైకి లేవడానికి. సీసా నేల వదిలి గాల్లో నిలిచినప్పుడు గేజీ 84 చూపిస్తోంది, పోయినసారి కంటే పది బార్ తక్కువ. నడుం చుట్టుకొలత 5.1 మీటర్లు. కాసేపటికి ల్యాబ్ అసిస్టెంట్ ఎవరూ అడక్కుండానే వెళ్లి చూసొచ్చి “89” అన్నాడు.

పైన గ్యాస్ ఉష్ణోగ్రతను బయటికంటే 12 డిగ్రీలు ఎక్కువ వేసి, పగిలే వ్యాసం 5.8 అనుకుంటే 27.7 కిలోమీటర్లు వచ్చింది. పగిలింది 27.3 దగ్గర. వేగం సెకనుకు 4.9 మీటర్లు. పడ్డచోటు మేం మ్యాప్ మీద పెట్టిన గుర్తుకు ఆరు కిలోమీటర్ల దూరం. ఎత్తులో తేడా మొదటిసారీ, ఇప్పుడూ దాదాపు అంతే. ఈసారి మాత్రం చప్పట్లకు ముందు వేగం చూశాం.

ఎండ వాటా ఎంతో, రబ్బరు వాటా ఎంతో విడదీయాలంటే సూర్యుడు లేనప్పుడు ఎగరేయాలి. తెల్లవారుజామున మూడింటికి వదిలితే పగిలేదాకా చీకటే. ఫొటోలు తీసిన అమ్మాయి వెంటనే అడిగింది: “చీకట్లో బెలూన్ కనిపించేదెట్లా సార్?” ఇప్పుడు మూతి దగ్గర చిన్న ఎల్ఈడీ కట్టి బెలూన్‌ను లోపలి నుంచే వెలిగించే పనిలో ఉన్నారు. బ్యాటరీతో కలిపి 40 గ్రాములు. సీసాలో నీళ్లు ఆ మేరకు పెంచాలి.